అప్‌డేట్: స్ట్రూడెల్‌లో మిశ్ర చాపు కుదిరింది, హైడ్రా కూడా తాళానికే కదులుతోంది

అప్పుడు నేను అడిగినవి రెండు: కోడ్ రాసి సంగీతం వాయించే స్ట్రూడెల్‌లో ఎనిమిది దెబ్బల ప్యాటర్న్ తీసేసి, కర్ణాటక సంగీతంలోని ఏడు దెబ్బల తాళం మిశ్ర చాపుకి ఏడు రాస్తే నడక ఎందుకు నెమ్మదిస్తోంది, కోడ్‌తో తెర మీద కదిలే బొమ్మలు గీసే హైడ్రాలో ఆ బొమ్మలు మైక్ మీద ఆధారపడకుండా నేరుగా తాళానికే కదలాలంటే ఏం చేయాలి అని. రెండూ కుదిరాయి, జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

స్ట్రూడెల్‌కి మూలమైన టైడల్‌లో లాగే ఇక్కడా కొలత అంతా సైకిల్‌దే, అంటే మళ్లీ మళ్లీ తిరిగొచ్చే ఒక ఆవృత్తానిదే. ఎన్ని దెబ్బలు రాస్తే సైకిల్ అన్ని సమభాగాలవుతుంది, కాబట్టి ఎనిమిది ఏడైతే ఒక్కో దెబ్బ సాగుతుంది. సెట్‌సీపీఎం అంటే నిమిషానికి ఎన్ని సైకిళ్లని, అందుకే నిమిషానికి 140 దెబ్బలు కావాలంటే అక్కడ 140ని 7తో భాగించి ఇవ్వాలి, అంతే, తకిట తకధిమి చక్కగా కూర్చుంది.

హైడ్రా సంగతే నాకు ఎక్కువ ఆనందం. ఒలీవియా జాక్ తయారుచేసిన ఈ హైడ్రాని ఇనిట్‌హైడ్రాతో స్ట్రూడెల్ లోపలే తెరవచ్చు, ప్యాటర్న్‌ని హెచ్ అనే ఫంక్షన్‌లో పెడితే ఆ విలువలు నేరుగా బొమ్మకి వెళ్తాయి. మైక్‌తో అయితే సీలింగ్ ఫ్యాన్ హోరుకి కూడా తెరంతా వణికేది, ఇప్పుడు సరిగ్గా మొదటి దెబ్బకీ నాలుగో దెబ్బకీ ఆసిలేటర్ చారలు మందమై మళ్లీ సన్నబడుతున్నాయి, చూస్తుంటే ఎంత బావుందో!

కోడ్ దాచకుండా తెర మీద చూపించాలని ఇలా అప్పటికప్పుడు కోడ్ రాస్తూ ప్రదర్శన ఇచ్చేవాళ్ల బృందం టాప్‌ల్యాప్ వాళ్లు 2004లో మొదలైనప్పటి నుంచీ చెప్పే మాట ఎంత గొప్పదో ఇప్పుడు అర్థమైంది. నాకు దారి చూపినాయనకి మిశ్ర చాపు పేరే తెలియదు, కోడ్ చూసి పట్టేశారు.

తర్వాత ఖండ చాపు, ఐదుతో భాగించి చూస్తాను. ఎవరికైనా మృదంగం శాంపిల్స్, స్వేచ్ఛగా వాడుకోనిచ్చేవి, ఉంటే చెప్పండి.