కాలిఫోర్నియా మెంటర్‌తో కాల్‌కి టైమ్ కుదరడం లేదు, సలహా చెప్పండి

అమలాపురంలో డిగ్రీ చదివే మా అమ్మాయిలకి కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక అక్క వారానికోసారి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పుతున్నారు. అక్కడ ఉదయం 9 అంటే మనకి రాత్రి 9:30. నవంబర్‌లో వాళ్ల గడియారాలు గంట వెనక్కి జరిపాక అదే కాల్ 10:30కి పడుతోంది. హాస్టల్లో 10కే వైఫై ఆపేస్తారు. లంక ఊళ్ల నుంచి చేరేవాళ్లకి సిగ్నల్ ఒక్క గీతే, స్క్రీన్ షేర్ పెట్టగానే మాట తెగిపోతుంది.

వీడియో ఆపి చూశాం. మన ఉదయం 7 అడిగాం, అప్పుడు ఆవిడకి ముందురోజు సాయంత్రం 5:30, మీటింగులు. రికార్డింగులు పంపితే చూస్తున్నారు గానీ ఒక్కరూ సందేహం అడగడం లేదు. అసలు లాభం ఆ అడగడంలోనే కదా! ఇది ఆగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

లైవ్ కాల్ లేకుండా, తక్కువ డేటాతో, అమ్మాయిలు మొహమాటపడకుండా సందేహాలు అడిగేలా మెంటరింగ్ నడిపినవాళ్లు ఏ పద్ధతి వాడారు?