సంక్రాంతి గ్రూప్ ఫొటో: వెనక స్టాంపుకీ పాప వయసుకీ పొసగడం లేదు

గోదారిగట్టు: 6×8 అంగుళాల నలుపు తెలుపు ఫొటో, కోనసీమది. పదకొండుమంది, వెనక మెట్ల మీద బొమ్మల కొలువు. తాతయ్య ఒళ్లో పాప 1946 ఆగస్టులో పుట్టిన మేనత్త అంటారు. కానీ స్టూడియో స్టాంపులో ఆరంకెల పిన్ కోడ్ ఉంది. ఏది నమ్మాలి? ఆడవాళ్ల బొట్లన్నీ నల్లగా ఉన్నాయి, అదేమైనా ఆధారమా?

చీకటిగది: రెండూ నిజమే కావచ్చండి. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది, కాబట్టి ఈ ప్రింటు ఆ తర్వాతిదే. ఫొటో తీసింది ఎప్పుడన్నది వేరే లెక్క. పాత ఫొటోని మళ్లీ ఫొటో తీసి కాపీ ఇవ్వడం స్టూడియోలకి రోజూ ఉండే పనే.

గది చీకటి చేసి టార్చిని పక్క నుంచి బాగా వాల్చి వేయండి. ఫొటోలో కనిపించే మడతకి నీడ పడితే అది ఈ కాగితం మడత. నీడ పడకపోతే అసలు ఫొటో మీది మడత, అంటే మీ దగ్గరున్నది కాపీ. తర్వాత పదింతల లెన్సు పెట్టి చూడండి. పెద్ద గాజు ప్లేటు నెగటివ్ నుంచి నేరుగా దించిన ప్రింటులో జరీ పోగులు కూడా విడివిడిగా తెలుస్తాయి. కాపీలో కనురెప్పలు అలికినట్టుంటాయి, తెల్ల పంచెల కుచ్చిళ్లు కలిసిపోతాయి. వేలితో మాత్రం తడమకండి.

పాతనెగటివ్: బొట్టు ఒక్కటే చాలదు. ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకి ఎరుపు తెలియదు, కుంకుమ నల్లగా వస్తుంది. కానీ ముదురు కుంకుమ అన్ని రంగులూ పట్టే పాంక్రొమాటిక్‌ ఫిల్ములోనూ నల్లగానే కనిపించొచ్చు. పెదాలు కూడా నల్లబడ్డాయా చూడండి. ఫొటోలోని నీలం చీర ఏదైనా పెట్టెలో మిగిలి ఉంటే ఇంకా మంచిది: ఆర్థోలో నీలం తెల్లగా తేలిపోతుంది.

చీకటిగది: అన్నట్టు, కొలువు ఉందని సంక్రాంతే అనుకోకండి. కోస్తాలో సంక్రాంతికి ఎక్కువ, దసరాకి పెట్టేవాళ్లూ ఉన్నారు. ఇక్కడ పాపే క్యాలెండరు. 1946 దసరాకి నెలా రెండు నెలలు ఉంటాయంతే, మెడ నిలవదు. 1947 సంక్రాంతికి అయిదు నెలలు: మెడ నిలిపి, ఆసరాతో కూర్చుంటుంది. ఆ ఏటి దసరాకైతే నిలబడే వయసు.

గోదారిగట్టు: మెడ నిలిపే ఉంది, తల కాస్త కదిలి మసకగా వచ్చింది. మడతకి నీడ పడలేదు. ఫ్రేము విప్పి స్కాన్ చేయనా?

పాతనెగటివ్: అయితే 1947 సంక్రాంతి, 1972 తర్వాత తీసిన కాపీ. ముందు ఒక మూల చూడండి. ఫొటో అద్దానికి అతుక్కుని ఉంటే లాగొద్దు, తడపొద్దు, పై పొర అద్దంతో పాటు ఊడొస్తుంది. అద్దంతోనే 600 డీపీఐలో స్కాన్ చేయండి, స్టాంపు విడిగా. అసలు ఫొటో ఏ బంధువుల ఇంట్లో ఉందో కూడా వాకబు చేయండి.