రూమ్ అద్దె 6,000 ఎక్కువైతే క్లెయిమ్‌లో 43,200 ఎలా కోశారు?

ప్రశ్న: నాన్నకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లకు ఆపరేషన్ అయింది. 3 లక్షల హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీ. రూమ్ అద్దె రోజుకు 1 శాతం, అంటే 3,000 దాకా ఇస్తామని ఉంది. షేరింగ్ ఖాళీ లేదంటే 5,000 సింగిల్ రూమ్ తీసుకున్నాం, మూడు రోజులు. బిల్లు 1,12,000. గ్లవ్స్, రిజిస్ట్రేషన్ లాంటివి 4,000, అవి రావని తెలుసు. రూమ్ తేడా 6,000 పోయినా 1,02,000 వస్తుందనుకున్నాం. 64,800 మాత్రమే ఇచ్చారు. డిశ్చార్జి రోజు మా ఆయన స్నేహితుల దగ్గర సర్దుకొచ్చి 47,200 కట్టారు. ఎక్కడ తప్పు చేశామండీ?

జవాబు: మీ తప్పేం లేదమ్మా. ఆస్పత్రి బిల్లింగ్‌లో ఆరేళ్లు చేశాను, ఈ లెక్క చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు చాలామంది. దీన్ని ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. పెద్ద రూమ్ తీసుకుంటే చాలా ఆస్పత్రుల్లో సర్జన్ ఫీజు, ఓటీ (ఆపరేషన్ థియేటర్) చార్జీలు కూడా పెరుగుతాయి. అందుకని 5,000లో 3,000 ఎంతో, అంటే 60 శాతం, మొత్తం బిల్లులోనూ అంతే ఇస్తారు. రాని 4,000 తీసేస్తే మిగిలే 1,08,000లో 60 శాతం 64,800.

కానీ అన్నిటికీ అలా కోయకూడదు. 2020లో బీమా కంపెనీల మీద నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మందులు, ఇంప్లాంట్లు, టెస్టులు, ఐసీయూ చార్జీల మీద ఈ కోత వేయకూడదు. సెటిల్‌మెంట్ లెటర్ తీసి, మందుల వరుసలో ఎంత ఇచ్చారో చూడండి.

ప్రశ్న: ఇప్పుడే చూశాను. మందులు 24,000, ఎదురుగా 14,400. టెస్టులు 9,000, ఎదురుగా 5,400. రూమ్ 15,000కి 9,000. సర్జన్, మత్తు డాక్టర్, ఓటీ కలిపి 60,000కి 36,000.

జవాబు: మందులు, టెస్టుల దగ్గరే 13,200 మీకు రావాలి. ఇంకొకటి కనుక్కోండి, ఇది చాలా ముఖ్యం. షేరింగ్‌లో ఉన్నా సర్జన్ ఫీజు, ఓటీ ఇంతే వేసేవారా అని బిల్లింగ్‌లో అడగండి. రూమ్‌ని బట్టి మారని చార్జీల మీద కూడా ఈ కోత వేయకూడదు.

ప్రశ్న: ఫోన్ చేశానండీ. ఏ రూమ్‌కైనా ఒకటే ప్యాకేజీ అన్నారు!

జవాబు: అయితే ఆ 24,000 కూడా మీదే. మొత్తం 37,200. మీరు మొదట అనుకున్న 1,02,000 లెక్కే సరైనదమ్మా. ఫోన్ మాట పనికిరాదు, ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద సంతకం, స్టాంపుతో రాయించుకోండి. దాన్ని, బిల్లు బ్రేకప్‌ని, సెటిల్‌మెంట్ లెటర్‌ని జతచేసి కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి. కాల్ సెంటర్‌తో వాదించి టెన్షన్ పడొద్దు. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తేల్చే, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ అదే ఆఫీసు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కంపెనీ కాదన్న రోజు నుంచి ఏడాదిలోపు రాయాలి, అది మర్చిపోవద్దు.

ప్రశ్న: రేపు పొద్దున్నే నాన్నకు కుట్లు చూపించడానికి ఎలాగూ ఆస్పత్రికే వెళ్తున్నాం. లెటర్ తీసుకునే వస్తాను.