ఫోన్ ఎత్తని హెచ్ఆర్, సీవీలు కుమ్మరించే కన్సల్టెంట్: తప్పు ఎవరిది?

మాదాపూర్ వెండర్:
కంపెనీలకి మనుషుల్ని వెతికిపెట్టే కన్సల్టెంట్‌ని, వాళ్ల భాషలో వెండర్‌ని. సూటిగా అడుగుతాను. సోమవారం పొద్దున్నే జేడీ (ఉద్యోగ వివరాల కాగితం) పంపి "చాలా అర్జెంట్, సాయంత్రానికి ఐదు ప్రొఫైల్స్ కావాలి" అన్న హెచ్ఆర్ గురువారం మన ఫోన్ కట్ చేయడం ఏం మర్యాద? రిజెక్ట్ చేశారని బాధ లేదు, అది వాళ్ల హక్కు. ఎందుకో ఒక్క ముక్క చెప్తే అవతల క్యాండిడేట్‌కి నేను మొహం చూపించగలుగుతాను. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడతాయి, జవాబు మాత్రం రాదు. ఒక కంపెనీలో అపాయింట్‌మెంట్ ఇచ్చి రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు, ఆ మేడమ్ నా ముందునుంచే కాఫీకి వెళ్లి వచ్చారు, నన్ను చూశారు కూడా, అయినా లోపలికి పిలవలేదు. తమాషా ఏంటంటే ఆవిడ ఉద్యోగం మారాలనుకున్నప్పుడు తన సీవీ పట్టుకుని ఫోన్ చేసింది నాకే. ఇది మనుషుల పొగరా, లేక వెండర్ అంటేనే అంత చులకనా? ఇక్కడ హెచ్ఆర్ వాళ్లు కూడా ఉన్నారు కదా, చెప్పండి.

హెచ్ఆర్ బాధితురాలు:
పొగరు అనేసి వదిలేస్తే ఎలా అండీ. ఒక జావా పొజిషన్‌కి నలుగురు వెండర్లకి జేడీ ఇస్తే మధ్యాహ్నానికల్లా మెయిల్ నిండిపోతుంది. అందులో ఒకే మనిషి సీవీ మూడు కన్సల్టెన్సీల నుంచి మూడు రకాల జీతాలతో ఉంటుంది. ఒకరు నోటీస్ పీరియడ్ 30 రోజులంటారు, ఇంకొకరు 90 అంటారు, తీరా అతనికే ఫోన్ చేస్తే "మీ కంపెనీకి నా సీవీ వచ్చిందా, నాకు తెలియదే" అంటాడు. జేడీలో పదాలన్నీ ఎత్తి సీవీలో అతికించేవాళ్లు, వీడియో ఇంటర్వ్యూలో ఒకరి బదులు ఇంకొకరిని కూర్చోబెట్టేవాళ్లు, ఇవన్నీ చూశాక కొత్త వెండర్ ఎవరొచ్చినా అనుమానంతోనే మొదలవుతుంది.

రిజెక్షన్ కారణం అంటారా, అది నా చేతిలో ఉంటే కదా. హైరింగ్ మేనేజర్ పోర్టల్‌లో "నాట్ సూటబుల్" అని కొట్టి వెళ్లిపోతాడు, నేను అతని వెంట పడాలి. ఒక్కోసారి పొజిషనే ఫ్రీజ్ అయిపోతుంది, అంటే ఆ ఉద్యోగం భర్తీనే ఆపేస్తారు, ఆ మాట బయటికి పొక్కకూడదని పైనుంచి చెప్తారు. అబద్ధం చెప్పడం ఇష్టంలేక ఫోన్ ఎత్తను. ఇంకో సంగతి కూడా అడుగుతాను. మీరే మా దగ్గర చేర్చిన మనిషికి ఏడాది తిరక్కుండా మీరే ఫోన్ చేసి వేరే చోట ఆఫర్ ఉంది రమ్మంటారు. అదేం మర్యాద?

ఊరికే చదివేవాణ్ణి:
మేడమ్ చివరి ప్రశ్నకి వెండర్లు జవాబు చెప్పకుండా జారుకుంటారు, చూస్తూ ఉండండి.

అమీర్‌పేట పాతకాపు:
జారుకోవడం లేదు. చేర్చినవాళ్లని ఫలానా గడువు దాకా ముట్టుకోకూడదని ఒప్పందంలో ఉంటే ముట్టుకోకూడదు, ముట్టుకున్నవాణ్ణి ప్యానెల్ (కంపెనీ వెండర్ల జాబితా) నుంచి తీసేయండి, అందులో వాదనే లేదు. కానీ గొడవకి మూలం మర్యాద కాదు, ఫీజు పద్ధతి. మన దగ్గర మామూలు రేటు ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం, అదీ మనిషి చేరితేనే. 12 లక్షల ప్యాకేజీకి లక్ష రూపాయలు. చేరకపోతే సున్నా. నలుగురు వెండర్లు వారమంతా వెతికితే ముగ్గురి పని కంపెనీకి ఉచితం. ఉచితంగా పనిచేసేవాడి ఫోన్ ఎత్తకపోతే ఎవరికీ పైసా నష్టం లేదు, అందుకే ఎత్తరు. పెద్ద పోస్టులకి ముందే డబ్బు కట్టి రిటైనర్ మీద వెతికించుకునే కంపెనీల్లో చూడండి, వారం వారం ఆ కన్సల్టెంట్‌తో కూర్చుని మాట్లాడతారు. అదే హెచ్ఆర్, అదే మనుషులు, డబ్బు ముందే పోయింది కాబట్టి ఓపిక వచ్చింది.

చేరాక కథ ఇంకా బాగుంటుంది. లక్ష ఫీజు మీద 18 శాతం జీఎస్టీ, అంటే 18 వేలు. కంపెనీ నాకు ఇచ్చినా ఇవ్వకపోయినా, ఇన్‌వాయిస్ వేశాక మరుసటి నెల అది నేను ప్రభుత్వానికి కట్టేయాలి. "క్యాండిడేట్ 90 రోజులు నిలబడనివ్వండి, అప్పుడు చూద్దాం" అని ఫైల్ పక్కన పెడితే నా జేబుకి చిల్లు. 85వ రోజు అతను మానేస్తే, ఇంటర్వ్యూలో చెప్పిన పని ఒకటి, చేరాక ఇచ్చిన పని ఇంకొకటి కాబట్టి మానేసినా సరే, ఉచితంగా రీప్లేస్‌మెంట్ వెతకాల్సింది నేనే.

చట్టం లేదా అంటే ఉంది. 2006 ఎంఎస్ఎంఈడీ (చిన్న సంస్థల) చట్టం ప్రకారం ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే ప్రభుత్వ నమోదు, ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకి ఎలాంటి ఒప్పందం రాసుకున్నా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్నులో ఒక నిబంధన కూడా వచ్చింది, కంపెనీ గడువు దాటబెడితే ఆ ఖర్చుని నిజంగా కట్టిన ఏడాదిలోనే లెక్కలో చూపించుకోవాలి. ఇన్ని ఉన్నా ప్రభుత్వ పోర్టల్‌లో బకాయి మీద ఫిర్యాదు పెట్టే ధైర్యం ఏ చిన్న వెండర్‌కి ఉంటుంది? పెట్టిన మరుక్షణం ఆ కంపెనీ నుంచి జేడీలు ఆగిపోతాయి.

బెంచ్ మీద ఉన్నా:
మీ ఇద్దరి మధ్య నలిగేది ఉద్యోగం వెతుక్కునే మేము. నాకు ఒక కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వచ్చింది, కంపెనీ పేరు చెప్పరు, "లీడింగ్ ఎంఎన్‌సీ" అంటారు. సరే అని సీవీ పంపాను. తర్వాత ఇంకొకరు అదే ఉద్యోగానికి ఫోన్ చేసి పేరు కూడా చెప్పారు, వాళ్లకీ సరే అన్నాను, రెండూ ఒకటేనని నాకెలా తెలుస్తుంది? చివరికి డూప్లికేట్ అని నా ప్రొఫైలే పక్కన పడేశారు. ముందు నేను పంపానంటే నేను పంపానని వెండర్లిద్దరూ కొట్టుకుంటుంటే ఉద్యోగం వేరేవాడికి పోయింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తెచ్చారు, మంచిదే, కానీ నా సీవీ ఎక్కడికి పంపుతున్నారో నాకు చెప్పడానికి చట్టం దాకా పోవాలా? హెచ్ఆర్ వాళ్లూ తక్కువేం కాదు. ఆఫర్ ఇచ్చినప్పుడు "ఎప్పుడు చేరతారు" అని రోజూ ఫోన్లు, ఫైనల్ రౌండ్‌లో పోతే ఒక మెయిల్ కూడా ఉండదు.

అమీర్‌పేట పాతకాపు:
కంపెనీ పేరు ముందే చెప్తే సగం మంది నేరుగా వాళ్ల వెబ్‌సైట్‌లో అప్లై చేసుకుంటారు తమ్ముడూ, అప్పుడు నా శ్రమ గంగపాలే.

బెంచ్ మీద ఉన్నా:
మీ భయం మీది. సీవీ మాత్రం నాది అన్నా.

హెచ్ఆర్ బాధితురాలు:
పాతకాపు గారి మాటలో సగం ఒప్పుకుంటా. కానీ ఫీజు జీతంలో శాతం కాబట్టి జీతం ఎంత పెరిగితే వెండర్‌కి అంత లాభం. ఫీజు మేమిస్తాం, ఆయన మాత్రం క్యాండిడేట్‌కి ఇంకో లక్ష వేయమని మాతో బేరమాడతారు. అప్పుడు ఆయన్ని ఎవరి మనిషి అనుకోవాలి? పేమెంట్ ఆపేది నేను కాదు, ఫైనాన్స్, వాళ్లకి గుర్తుచేసే మెయిల్స్ నేనూ పెడుతూనే ఉంటా. అయినా 90 రోజుల తర్వాతే చెల్లింపు అన్న కాగితం మీద సంతకం పెట్టింది మీరే కదా?

అమీర్‌పేట పాతకాపు:
పెట్టకపోతే ప్యానెల్‌లోకి రానివ్వరు కదా మేడమ్. కాగితంలో 90 అని రాసుకున్నా చట్టం దగ్గర 45 దాటదు. మనిషి చేరిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే మేము చేసిన పని మీకు అందినట్టేనని మా వాదన. మీ లీగల్ టీమ్‌ని అడిగి చూడండి. జీతం బేరం సంగతి అంటారా, ఫిక్స్‌డ్ ఫీజు పెట్టండి, రేపటి నుంచి ఎవరూ బేరమాడరు.

మాదాపూర్ వెండర్:
రిటైనర్లు మాలాంటి చిన్నవాళ్లకి ఎవరూ ఇవ్వరు, ఆ ఆశ నాకు లేదు. నేను ఒకటే పెట్టుకున్నా, జేడీ రాగానే "ఎంతమంది వెండర్లకి ఇచ్చారు" అని అడుగుతున్నా. ఇద్దరికి మించితే సీవీ పంపను. పని తగ్గింది, అబద్ధం చెప్పను, కానీ పంపిన ప్రొఫైల్స్‌లో ఎక్కువ వాటికి ఏదో ఒక జవాబు వస్తోంది. మేడమ్, మీరైతే చెప్తారా?

హెచ్ఆర్ బాధితురాలు:
ఎంతమందికి ఇచ్చానో చెప్తాను. పొజిషన్ ఫ్రీజ్ అయితే ఆ మాట అనకుండా "ఈ వారం ప్రొఫైల్స్ పంపకండి" అని మెసేజ్ పెట్టగలను, అర్థం చేసుకోండి. ఎవరెవరికి ఇచ్చానో మాత్రం అడగొద్దు.