రైతులు వాడే ఓపెన్ సోర్స్ యాప్‌ల ఏం మారిందో వాళ్లకు ఎట్ల తెలియజేయాలె?

పాలమూరు_కోడ్:
మార్కెట్ యార్డుల ధరలు చూపే ఆండ్రాయిడ్ యాప్, కోడ్ గిట్‌హబ్‌ల (కోడ్ దాచి పంచుకునే సైటు) ఉంది. వాడేది నల్లగొండ బత్తాయి రైతులు, జడ్చర్ల దిక్కు పల్లి రైతులు. ప్రతి రిలీజ్‌కు గిట్‌హబ్ తయారుచేసిచ్చే నోట్సే పెడుతున్నం. అవి వాళ్లకు చేరుతలేవు. అప్‌డేట్ కాంగనే "బటన్ ఏడ పోయింది" అని ఫోన్లు. ఏడ రాయాలె, ఎట్ల రాయాలె? ముందు ముందు చేసే పనుల గురించి కూడా చెప్పాలని ఉంది.

నల్లగొండ_బిల్డ్:
గిట్‌హబ్ ఇచ్చే నోట్సుల పుల్ రిక్వెస్టుల (కోడ్‌ల ఈ మార్పు కలపండని డెవలపర్లు పెట్టే అర్జీల) పేర్లే ఉంటయి. అవి తోటి డెవలపర్లకు పనికొస్తయి, రైతుకు కాదు. రిపోల (యాప్ కోడ్ ఉండే ఫోల్డర్‌ల) చేంజ్‌లాగ్ ఫైల్, అంటే మార్పుల చిట్టా, పెట్టి, పైన "ఇంకా విడుదల కానివి" అని ఒక భాగం ఉంచండి. దాంట్ల ఒక్క వాక్యమన్నా రాయంది పుల్ రిక్వెస్ట్ మెర్జ్ చేయొద్దు, అంటే అసలు కోడ్‌ల కలపొద్దు. రిలీజ్ నాడు గిట్ లాగ్ (కోడ్ మార్పుల చరిత్ర) తవ్వుకుంట కూర్చుంటే సగం మతికుండదు.

"ధరల క్యాషింగ్ సరిచేసినం" అంటే ఎవరికి సమజైతది? ఇట్ల రాయండి: "నెట్ లేనప్పుడు నిన్నటి ధర ఇయ్యాల్టి ధర లెక్క కనబడేది. ఇప్పుడు ధర పక్కన తేదీ వస్తది." ఆ ధర చూసి కాయ తెంపాల్నా ఆగాల్నా అని ఆలోచించేటోనికి ఇదే అసలు వార్త. బటన్ రంగు మారిందన్నది ఆఖరుకు.

ఫైల్_పేరు_చూడు:
ప్లే స్టోర్‌ల నోట్సుకు ఒక్కో భాషకు 500 క్యారెక్టర్లే. తెలుగుల అవి జల్ది అయిపోతయి. "బత్తాయి" కంటికి మూడక్షరాలు, యూనికోడ్ (కంప్యూటర్ అక్షరాలను గుర్తించే పద్ధతి) లెక్కల 7: ఒత్తు, దీర్ఘం, గుడి అన్నీ విడివిడిగా పడతయి. మూడు నాలుగు మార్పులకు మించి పెట్టకండి.

ఎఫ్-డ్రాయిడ్‌కు (ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్) ఫాస్ట్‌లేన్ ఫోల్డర్‌ల (స్టోర్‌ల చూపే వివరాలు పెట్టే ఫోల్డర్) చేంజ్‌లాగ్ ఫైల్ పేరు వెర్షన్ కోడే (ప్రతి రిలీజ్‌కు పెరిగే అంకె) కావాలె. కోడ్ 42 అయితే ఫైల్ పేరు 42.txt. అక్కడ 1.8.0 అని వెర్షన్ నేమ్ (వాడేటోళ్లకు కనబడే వెర్షన్) పెడితే నోట్సు కనబడవు. చానామంది ఈడనే తప్పుతరు. ఎఫ్-డ్రాయిడ్ సోర్స్ నుంచి తనే బిల్డ్ చేస్తది కాబట్టి కొన్ని రోజులు పడతది. ప్లే స్టోర్‌ల 20 శాతం మందికే వదిలినప్పుడు వాట్సాప్‌ల చాటింపు వేస్తే మిగిలినోళ్లు అప్‌డేట్ కోసం ఊకె దేవులాడుతరు. వంద శాతం అయినంకనే చెప్పండి.

పాలమూరు_కోడ్:
ప్లే స్టోర్‌ల తెలుగు నోట్సు పెడితే సరిపోతదా అయితే?

నల్లగొండ_బిల్డ్:
సరిపోదు. ఫోన్ భాష ఇంగ్లీషుల ఉంటే ఇంగ్లీషు నోట్సే వస్తయి, పైగా ఆటో అప్‌డేట్ ఉన్నోళ్లు ఆ పేజీ తెరవనే తెరవరు. యాప్ లోపల్నే తెలుగు కార్డు పెట్టండి. చివరిసారి చూసిన వెర్షన్ కోడ్ ఫోన్‌ల దాచి, తెరిచినప్పుడు పోల్చాలె. 38 నుంచి 42కు దూకినోనికి మధ్యలయి కూడా చూపాలె, కొత్తగా ఇన్‌స్టాల్ చేసినోనికి ఏం చూపొద్దు. బటన్ జాగ మారితే స్క్రీన్‌షాట్ మీద ఎర్ర గీత చుట్టి అదే కార్డుల పెట్టండి. కార్డు మూసినంక మెనూల మళ్ల దొరకాలె.

దేవరకొండ_రిపో:
ముందు పనులకు తేదీలు ఇయ్యకండి. "చేస్తున్నం, తర్వాత చేస్తం, చేయం" అని మూడు వరుసలు చాలు. "చేయం" దగ్గర కారణం రాస్తే అదే అడుగుడు తగ్గుతది. గిట్‌హబ్ మైల్‌స్టోన్ (ఒక గమ్యానికి చేర్చిన పనుల గుంపు) శాతం వాడేటోళ్లకు చూపొద్దు. అది మూసిన ఇష్యూల (చేయాల్సిన పనుల చీటీల) లెక్క: పదిట్ల తొమ్మిది అచ్చుతప్పులు సరిచేసినా 90 శాతం అంటది, అసలు పని అట్లనే ఉంటది. ఏదన్న తీసేసేది ఉంటే రెండు రిలీజ్‌ల ముందుగాల, ఆ బటన్ కిందనే రాయండి.