డాక్టర్ హూ: ఈ తేడాను ఏ ఖాతాలో రాయాలి?

పద్దుపుస్తకం:

అందరికీ నమస్కారం. ముప్ఫై ఒక్క ఏళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరైన దాన్ని. సాయంత్రం లెక్కలో రూపాయి తేడా వస్తే అది దొరికేదాకా ఇంటికి వెళ్లని తరం మాది. ఆ జబ్బు 'డాక్టర్ హూ' అనే బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ విషయంలోనూ వదల్లేదు.

2013లో మా అమ్మాయి దగ్గర లీడ్స్‌లో ఉన్నప్పుడు చలికి బయటికి వెళ్లలేక ఈ సీరియల్ మొదలుపెట్టాను. తిరిగి వచ్చాక పాతవన్నీ డీవీడీల్లో చూశాను. చూసినదల్లా ఒక లాంగ్ నోటు పుస్తకంలో రాసుకుంటాను. ఎడమ పేజీలో కథ పేరు, ప్రసారమైన సంవత్సరం. కుడి పేజీలో అది వెనకటి కథలతో కలుస్తోందా లేదా అన్నది. కలిస్తే నీలం టిక్కు, కలవకపోతే ఎర్ర సిరా. ఎంతకీ పొసగనివాటికి చివర నాలుగు పేజీలు వదిలి 'అనామతు ఖాతా' అని పేరు పెట్టాను. తేడా ఎక్కడిదో తేలేదాకా బ్యాంకులో ఆ మొత్తాన్ని పడేసి ఉంచే ఖాతా అది.

అసలు విషయానికి వస్తాను. టైమ్ లార్డ్‌కు, అంటే కాలంలో తిరిగే డాక్టర్ జాతివాడికి, పన్నెండు రీజనరేషన్లే (చావబోతూ కొత్త ముఖంతో మళ్లీ బతకడం, నటుడు మారేది అందుకే), అంటే మొత్తం పదమూడు జన్మలే అని 1976లో 'ది డెడ్లీ అసాసిన్' చెప్పింది. ఆ లెక్క ఎంత చక్కగా నడిచిందో చూడండి. మ్యాట్ స్మిత్ పదకొండో డాక్టర్ అనుకున్నాం. జాన్ హర్ట్ వేసిన యుద్ధకాలపు డాక్టర్‌తో ఒకటి కలిసింది. డేవిడ్ టెనంట్ ముఖం మార్చుకోకుండానే వాడేసిన రీజనరేషన్‌తో మరొకటి కలిసింది. పదమూడు. జన్మలు అయిపోయాయి. 2013 క్రిస్మస్ కథలో టైమ్ లార్డులు కొత్త విడత మంజూరు చేశారు. పాత ఖాతా మూసి కొత్త ఖాతా తెరిచినట్టు! ఆ టిక్కు పెట్టిన రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది.

2020 మార్చి 1న 'ది టైమ్‌లెస్ చిల్డ్రన్' వచ్చి, 1963లో వేసిన హార్ట్‌నెల్ మొదటి డాక్టర్ కాదనీ అంతకు ముందు ఎన్నో జన్మలున్నాయనీ వాటిని జ్ఞాపకంలోంచి తుడిచేశారనీ చెప్పింది. ఇప్పుడు ఆ పేజీ కొట్టేయాలా, ఉంచాలా? "అమ్మమ్మా, డాక్టర్లు మొత్తం ఎంతమంది?" అని మనవడు అడిగితే నీళ్లు నమిలాను.

ఇసుకగడియారం:

ఎందుకండీ ఈ శ్రమ? వ్యాస భారతంలో శశిరేఖ అనే అమ్మాయే లేదు. 'మాయాబజార్'లో పాండవులు ఒక్కరూ కనబడరు. 1957 నుంచి ఎవరైనా లెక్క అడిగారా? కథ బాగుంటే చూడటం, లేకపోతే ఊరుకోవడం.

పద్దుపుస్తకం:

పోలిక కుదరలేదు బాబూ. వ్యాసుడు ఒకరు, మన జానపదులు మరొకరు. అవి రెండు బ్యాంకుల పుస్తకాలు. ఒకదానితో ఒకటి కలవాలని ఎవరూ అనరు. ఇక్కడ 1963 నవంబర్ 23 నుంచి బీబీసీయే సంస్థ, అదే పుస్తకం, చేతిరాతలే వేరు. అన్నట్టు శశిరేఖ సంగతి నాకూ తెలుసు.

నీలిపెట్టె:

అమ్మా, మీ అనామతు ఖాతాలో 'ది బ్రెయిన్ ఆఫ్ మార్బియస్' ఉండే ఉంటుంది. అదీ 1976దే, జనవరిలో వచ్చింది. డాక్టర్, మార్బియస్ అనే దుష్ట టైమ్ లార్డ్ మనసులతో కుస్తీ పడుతుంటే యంత్రం తెర మీద డాక్టర్ ముఖాలు వెనక్కి నడుస్తాయి. టామ్ బేకర్, పెర్ట్వీ, ట్రౌటన్, హార్ట్‌నెల్. అక్కడితో ఆగాలి కదా? ఆగదు. పాతకాలపు దుస్తుల్లో ఇంకో ఎనిమిది మంది వస్తారు. వాళ్లు నటులు కూడా కాదు, సీరియల్ బృందంలోని వాళ్లే. నిర్మాత ఫిలిప్ హించ్‌క్లిఫ్, దర్శకుడు క్రిస్టఫర్ బ్యారీ అందులో ఉన్నారు. స్క్రిప్టు ఎడిటర్ రాబర్ట్ హోమ్స్ కూడా ఉన్నాడు.

నాకు సరదా అనిపించేది ఇక్కడే. అదే సంవత్సరం అక్టోబర్ చివర్లో మొదలైన 'ది డెడ్లీ అసాసిన్' రాసింది ఆ హోమ్సే. హార్ట్‌నెల్‌కు ముందటి డాక్టర్‌గా తెర మీద తన ముఖమే పెట్టిన మనిషి, పది నెలలైనా తిరగకముందే పన్నెండు దాటకూడదని నియమం రాశాడు. ఎందుకంటే, ఆ కథలో డాక్టర్ శత్రువైన టైమ్ లార్డ్ మాస్టర్‌కు చావు భయం కావాలి. రీజనరేషన్లు అయిపోయిన టైమ్ లార్డ్ అయితే తప్ప ఆ భయం నమ్మశక్యంగా ఉండదు. నాలుగు భాగాల కథ కోసం పుట్టిన అంకె అది. మనం దాన్ని రాజ్యాంగం చేసుకున్నాం.

ఆ ఎనిమిదీ మార్బియస్ పాత ముఖాలని సర్దిచెప్పుకుంటూ అభిమానులు నలభై నాలుగేళ్లు నెట్టుకొచ్చారు. 2020 కథ జ్ఞాపకాల వరదలో ఆ ముఖాలను మళ్లీ చూపించింది. అంటే మీ అనామతు ఖాతాలోని మొత్తానికి సొంతదారు దొరికాడు. సంతోషించాలి మీరు!

మూడోచంద్రుడు:

మీకు కనీసం ఇది చెల్లుతుంది, ఇది చెల్లదు అని పైనుంచి ఎవరూ ముద్ర వేయలేదు. మాది స్టార్ వార్స్ గుంపు. 1991 నుంచి వచ్చిన నవలలు అలమారలో రెండు వరసలు నిండాయి. 2014 ఏప్రిల్ 25న లూకాస్‌ఫిల్మ్ ఒక ప్రకటన చేసింది. ఆ రోజు నుంచి అవన్నీ 'లెజెండ్స్', కొత్త సినిమాలు వాటికి కట్టుబడవు. కథానాయకుడు లూక్ పెళ్లి, కొడుకు, అన్నీ పోయాయి. అలమార మాత్రం అంతే బరువుంది.

తుంగభద్ర:

నీలిపెట్టె గారి వివరణ బాగుంది, కానీ నాకున్న బాధ అంకెది కాదు. డాక్టర్ ఎవరు? సొంత జనంతో విసుగెత్తి, మరమ్మతుకు వచ్చిన టార్డిస్ అనే కాలనౌకను ఎత్తుకుని పారిపోయిన మనిషి. ఆయన గొప్పతనమంతా తిరిగిన దారిలో వచ్చింది, పుట్టుకలో లేదు. 2020లో ఏం చేశారు? టైమ్ లార్డులకు రీజనరేషన్ అబ్బింది చిన్నప్పటి డాక్టర్ వల్లేనన్నారు. పారిపోయిన కుర్రాడిని కులదైవాన్ని చేశారు. పన్నెండు నూటపన్నెండైనా నేను పట్టించుకోను. ఇది మాత్రం మింగుడుపడలేదు.

ఇసుకగడియారం:

ఆ డాక్టర్‌కు తన పుట్టుక తనకే తెలియదు కదండీ. తెలియకుండా బతికిన బతుకు అబద్ధమవుతుందా?

తుంగభద్ర:

ఆయనకు తెలియదు. చూస్తున్న నాకు తెలిసిపోయింది.

పద్దుపుస్తకం:

అందరికీ ధన్యవాదాలు. నీలిపెట్టె బాబు మాట చదివి నిన్న రాత్రి పుస్తకం తీశాను. ఆ ఎనిమిది ముఖాలు నిజంగానే అనామతులో ఉన్నాయి, పక్కన 'మార్బియస్‌వి కావచ్చు' అని నా రాతే ఉంది. దాన్ని కొట్టేసి అసలు ఖాతాకు బదిలీ చేశాను. పదమూడు జన్మల పేజీ మాత్రం కొట్టలేదు. హోమ్స్ రాసిన రోజున అది సరైన పద్దే. బ్యాంకులోనూ పాత సంవత్సరం పుస్తకాన్ని దిద్దకూడదు, కొత్త సంవత్సరంలో సవరణ పద్దు వేయాలి. అలాగే చేసి తేదీ వేశాను.

తుంగభద్ర గారూ, మీరన్నది ఏ ఖాతాలోనూ పట్టలేదు. పుస్తకం అట్ట లోపలి వైపు రాసి పెట్టుకున్నాను.

ఇప్పుడు అనామతులో మిగిలింది డాక్టర్ మిత్రుడైన సైనికాధికారి, బ్రిగేడియర్ లెత్‌బ్రిడ్జ్-స్టూవర్ట్. 'ది వెబ్ ఆఫ్ ఫియర్'లో 1935 నాటి టిబెట్ సంగతి నలభై ఏళ్ల పైమాట అంటారు. అంటే 1975 దాటింది. 'ది ఇన్వేజన్'లో ఆ 'వెబ్ ఆఫ్ ఫియర్' జరిగి నాలుగేళ్లయిందంటాడు బ్రిగేడియర్. 1979. గ్రహాంతర ముప్పులను ఎదుర్కొనే యూనిట్ అనే సైనిక దళంతో ఆయన మొదటిసారి కనబడేది అక్కడే. 1983లో వచ్చిన 'మాడ్రిన్ అన్‌డెడ్' చూస్తే 1977లో, రాణిగారి రజతోత్సవాల వేళకే, ఆయన దళం వదిలేసి బడిలో లెక్కల మాస్టారుగా ఉన్నాడు! ఆ పాత్రను మొదట 1963 నాటి సైన్సు మాస్టారు ఇయన్ కోసం అనుకున్నారనీ, ఆ నటుడు దొరక్క బ్రిగేడియర్‌ను తెచ్చారనీ చదివాను. బడి ఎందుకో అర్థమైంది, సంవత్సరం అర్థం కాలేదు. 2008లో డాక్టర్‌నే ఆ దళంలో ఎప్పుడు పనిచేశావంటే డెబ్బైల్లోనా, ఎనభైల్లోనా అని తల గోక్కున్నాడు.

లెక్కల మాస్టారి విషయంలోనే లెక్క తప్పింది చూడండి. ఎవరి దగ్గరైనా వోచరు ఉంటే చూపించండి. మనవడికి మాత్రం "హార్ట్‌నెల్ నుంచి లెక్కపెట్టు, అంతకు ముందువి ప్రారంభ నిల్వ" అని చెప్పాను. ప్రారంభ నిల్వ ఎంత అని అడుగుతున్నాడు.