అప్‌డేట్: ఇటలీ విశ్వవిద్యాలయంలో పరిశోధక పదవి

పీహెచ్‌డీ తర్వాత ఇటలీలో పరిశోధకుడిగా చేరితే స్థిరమైన పదవి వరకు దారి ఉంటుందా అని ఇంతకుముందు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

2010 నాటి 240వ చట్టం శాశ్వత పరిశోధకుల నియామకాన్ని నిలిపివేసి ‘ఎ’, ‘బి’ అనే రెండు రకాల నిర్ణీతకాల పదవులను తెచ్చింది. వాటిలో ‘ఎ’ రకం మూడేళ్లు, పొడిగిస్తే మరో రెండేళ్లు నడిచి అక్కడితో ఆగిపోయేది. ‘బి’ రకంలో ఉన్నవారు మాత్రం ప్రొఫెసర్ పదవులకు కావలసిన జాతీయ శాస్త్రీయ అర్హత పొంది, మూల్యాంకనంలో నెగ్గితే అసోసియేట్ ప్రొఫెసర్ అయ్యేవారు. 2022 నాటి 79వ చట్టం ఈ రెండింటి స్థానంలో శాశ్వత పదవికి దారితీసే ఆరేళ్ల ‘టెన్యూర్ ట్రాక్’ పదవిని ప్రవేశపెట్టింది. ఆ జాతీయ అర్హత ఉన్నవారు మూడో సంవత్సరం ముగిశాక మూల్యాంకనం కోరవచ్చు.

నాకు వచ్చింది అది కాదు, దానికి ముందు మెట్టయిన పరిశోధన కాంట్రాక్టు. దీనికి ముందున్న ‘అసెన్యో ది రిచెర్కా’కు (పరిశోధన భృతి) ఆదాయపు పన్ను లేకపోయినా అది ఉద్యోగంగా లెక్కకు వచ్చేది కాదు, కొత్త కాంట్రాక్టు రెండేళ్ల ఉద్యోగం, మరో రెండేళ్లు పునరుద్ధరించవచ్చు. పన్ను కట్టాల్సి వచ్చినా ఇదే మేలని నా అభిప్రాయం. (ఇంట్లోవారు మాత్రం ‘పర్మినెంటేనా?’ అనే అడుగుతున్నారు.)

అంగీకారపత్రం పంపాను. విశ్వవిద్యాలయంతో ఆతిథ్య ఒప్పందం (పరిశోధకుడిగా చేర్చుకునే ఒప్పందం) పూర్తయ్యాక, అక్కడి ప్రిఫెక్చర్ (ప్రభుత్వ స్థానిక కార్యాలయం) అనుమతి రాగానే పరిశోధన వీసాకు దరఖాస్తు చేస్తాను.